తెలకపల్లిలో ఇంకా తొమ్మిదిన్నరే

తెలకపల్లి,
6 ఫిబ్రవరి 2006

గద్వాలల ఉండే లక్ష్మీదేవమ్మ టీచరమ్మకు తెలకపల్లి బాలన్న దండం పెట్టి రాసుకునేది. ఇక్కడ మేమందరం బాగున్నం, గడియారం తప్ప. అక్కడ మీరు, మీ సారు బాగనే ఉన్నరని, మీ గడియారం మాత్రం బాగలేదని వనపర్తి ముత్తయ్య చెప్పిండు.

మీరు నన్నెరగరు. బస్టాండు పక్కన అద్దాల డబ్బల కూసొని గడియారాలు బాగుచేసే ముత్తయ్య మనిద్దర్నీ ఎరుగుతడు. ఆయన సొరుగుల మీ గడియారం, నా గడియారం పక్కపక్కన పండుకొని ఉన్నయి. రెండూ ఒక్క కంపెనీవి. చాబి తిప్పే పనిలేకుండ సెల్లుతోటి నడిచే పాతకాలం కరెంటు గడియారాలు. టిక్కుటిక్కు అనవు, చెవికాడ పెట్టుకుంటే తేనెటీగ లెక్క గుయ్యిమంటయి. మీకు తెలిసిందే, మీదీ అట్లనే గుయ్యిమనేదట.

ముత్తయ్య నాతోని ఏమన్నడంటే, "బాలన్నా, నీ దాంట్ల తీగచుట్ట బాగుంది, పండ్ల చక్రం అరిగిపోయింది. టీచరమ్మ దాంట్ల చక్రం బాగుంది, తీగచుట్ట తెగింది. కొత్తయి దొర్కవు. చేసిన కంపెనీనే మూతపడి ఎన్నేండ్లాయెనో. హైదరాబాద్ పోయి అడిగితే, ఈ గడియారం నేను పుట్టకముందుది, నన్నెందుకు అడుగుతవన్నడు ఒక దుకాణపోడు."

అందుకని అడుగుతున్న. మీ గడియారం నాకియ్యుండ్రి. ఎట్లనూ పోయిందే గదా.

నాకు షోకు కాదు టీచరమ్మా. మా బోరు నాకు, మా దాయాది వదిన సత్తెమ్మకు ఉమ్మడి. పదిహేనేండ్ల కింద పెద్దమనుషులు కాగితం రాసిండ్రు: ఒకనాడు వాళ్ళకు మూడు గంటలు, ఒకనాడు మాకు మూడు గంటలు, "బాలన్న చేతిగడియారం లెక్క ప్రకారం". అప్పుడు ఊర్ల సరిగ్గ నడిచే గడియారం నాదొక్కటే. బొంబాయికి మట్టిపనికి పోయినప్పుడు పాతసామాన్ల బజార్ల కొన్నది.

ఈ నెల ఒకటో తారీఖు సత్తెమ్మ వదిన వంతు తొమ్మిదికి మొదలైంది. తొమ్మిదిన్నరకు గడియారం ఆగింది. పన్నెండుకు నేను పోయి "వదినా, వాల్వు తిప్పు" అంటే ఆమె ఏమన్నదో చూడుండ్రి. "నీ గడియారంల ఎంతైంది బాలన్నా?" అన్నది. తొమ్మిదిన్నర అన్న. "మరి నాకింక రెండున్నర గంటలున్నది గదా" అన్నది.

ఆరు రోజులాయె. ఆమెకింక రెండున్నర గంటలున్నది. నా ఎకరం పల్లి చేను ఊడలు నేలలకు దిగుతున్నది, నీళ్ళు లేవు.

ఇట్లు,
బాలన్న

మరిచిన ముచ్చట: కాగితం మారుద్దామని పెద్దమనుషుల్ని అడిగిన. "వేలిముద్రలు పెట్టినోళ్ళల ఇద్దరు పోయిండ్రు, వాళ్ళను అడగకుండ ఎట్ల మారుస్తం" అన్నరు. ఎవరన్న పోయి అడిగి వస్తరా అంటే ఎవ్వరూ ముందుకు రాలే.


గద్వాల,
10 ఫిబ్రవరి 2006

బాలన్న గారికి లక్ష్మీదేవమ్మ నమస్కారాలు. మీ ఉత్తరం అందింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి అర్థం కాక, రెండోసారి అర్థమైనందుకు.

నా గడియారం "ఎట్లనూ పోయిందే గదా" అని రాశారు. ముప్పై మూడేళ్ళు లెక్కలు, సైన్సు చెప్పినదాన్ని కనుక మీ లెక్కను మీకే అప్పజెబుతున్నాను. మీదీ పోయిందే. మరి మీదే నాకెందుకు ఇవ్వకూడదు?

ఆ గుయ్యిమనే చప్పుడు లోపల ఉండే చిన్న శృతిదండానిది. మా సారు ఆనకట్ట పనిలో ఉన్నప్పుడు ఒక జర్మనీ ఇంజనీరు ఆయనకు ఆ గడియారాన్ని ఇచ్చి వెళ్ళాడు. మా సారు దాన్ని కట్టుకోలేదు, నేనే కట్టుకున్నాను. మధ్యాహ్నం భోజనం చేసి, దాన్ని దిండు కింద పెట్టుకుని, గంటసేపు కునుకు తీయడం నాకు ఎన్నో ఏళ్ళ అలవాటు. అది ఆగినప్పటి నుంచి మధ్యాహ్నాలు నేను మేలుకునే ఉంటున్నాను. మేలుకుని ఉంటే ఊరుకోను. ఇంట్లో డబ్బాలన్నీ అక్షరక్రమంలో సర్దాను. ఇప్పుడు ఉప్పు ఎక్కడుందో నాకు తెలుసు, వంట చేసే సరోజకు తెలియదు. మా సారు భోజనం కాగానే ఏదో పని కల్పించుకుని బజారుకు పోతున్నారు.

కాబట్టి ఇవ్వలేను. మీ వదినగారి తర్కంలో మాత్రం నాకు తప్పు కనిపించలేదు. ఆమె ఎంతవరకు చదువుకున్నారు?

ఇట్లు,
లక్ష్మీదేవమ్మ

తా.క.: ఇంత ఇబ్బందిలో ఉన్నవారు ఫోను చేయవచ్చు కదా. మా నంబరు ముత్తయ్య దగ్గర ఉంది.


తెలకపల్లి,
14 ఫిబ్రవరి 2006

కోపానికొచ్చినా జవాబు రాసిన లక్ష్మీదేవమ్మ టీచరమ్మకు బాలన్న దండాలు. మేమిక్కడ ఉన్నట్టే ఉన్నం. టైం కూడ ఉన్నకాడనే ఉన్నది.

ఫోన్ చెయ్యనిది ఎందుకంటే, ఫోన్ల మాట్లాడింది పంచాయితీల చూపెట్టనీకి రాదు. ఉత్తరమైతే జేబుల ఉంటది. సత్తెమ్మ వదిన ఏం చదవలే టీచరమ్మా. చదివుంటే ఈపాటికి బోరు మొత్తం ఆమెదే అయ్యేది.

నిన్న వనపర్తి పోయిన. ముత్తయ్య కంటికి భూతద్దం పెట్టుకొని మీ చక్రాన్ని చూపెట్టిండు. దానికి మూడు వందల పండ్లట. నాకైతే చక్రమే కనిపియ్యలే, ఈగ కాలు అనుకొని ఊదబోయిన. ముత్తయ్య నా నోరు మూసిండు.

"ఊదినవంటే జిల్లా మొత్తం ఎతుకాలె" అన్నడు. నేనడిగిన, "ముత్తయ్యా, రెండు సచ్చినయి కలిపితే ఒకటి బతుకుతది గదా, కలుపరాదు?" ఆయన ఏమన్నడంటే, "కలుపుత. కానీ ఒగరిది ఇంకొగరి దాంట్ల పెట్టాలంటే ఇద్దరూ ఒప్పుకున్నట్టు కాగితం కావాలె. ఒకసారి నోటిమాట మీద ఒక అల్లుని గడియారం ముల్లు తీసి మామ గడియారంల పెట్టిన. ఇప్పటికీ ఆ రెండిండ్లోళ్ళు కొట్లాడుకుంట లేరు, కలిసి నాతోని కొట్లాడుతున్నరు."

నాకొక ఉపాయం తట్టింది. బోరును పంచుకున్నట్టే గడియారాన్ని పంచుకుందం. వంతులు పెట్టుకుందం. నాలుగు రోజులు మా దగ్గర, మూడు రోజులు మీ దగ్గర. నాగర్‌కర్నూల్ నుంచి గద్వాల పోయే బస్సుల భవాని అని కండక్టరున్నది, మా ఊరి పిల్లనే. చేతికి కట్టుకొని తెచ్చి ఇస్తది, మళ్ళ కట్టుకొని పట్కపోతది. డబ్బ మీది, పట్ట నాది. డబ్బ నాదే కావాలంటే పట్ట మీది.

పక్క చేను పెద్దాయన జాలి చూపెట్టి ఒక తడి ఇచ్చిండు. ఇంకో వారం ఆగుతది పల్లి. నేను కూడ ఆగుత.

ఇట్లు,
బాలన్న

మరిచిన ముచ్చట: మా ఇంటామె సుభద్రమ్మ అడగమన్నది. ఉప్పు ఏ అక్షరం కింద పెట్టిండ్రు?


గద్వాల,
18 ఫిబ్రవరి 2006

బాలన్న గారికి నమస్కారాలు. మీ పద్ధతి వింతగా ఉంది. అయినా ఏడు రోజుల్లో మూడు కునుకులు, ఒక్కటీ లేకపోవడం కంటే మూడు ఎక్కువ. ఒప్పుకుంటున్నాను.

ముత్తయ్యకు చూపించడానికి కాగితం జతచేస్తున్నాను. మీ పెద్దమనుషులకు కూడా చూపించవచ్చు. ఎవరికీ అనుమానం రాకుండా వివరంగా రాశాను: "ఈ గడియారంలో తీగచుట్ట తెలకపల్లి బాలన్న గారిది, పళ్ళ చక్రం గద్వాల లక్ష్మీదేవమ్మది. డబ్బా, ముళ్ళు బాలన్న గారివి. అద్దం, వెనక మూత లక్ష్మీదేవమ్మవి. కావున ఇది చెరిసగం ఇద్దరిదీ." సాక్షిగా మా సారు సంతకం చేశారు. ఆయన చదవకుండానే చేశారు. ముప్పై అయిదేళ్ళుగా అదే ఆయన పద్ధతి, మా కాపురం అందుకే బాగుంది.

అద్దం నాది ఎందుకంటే మీ అద్దం గీతలు పడి, లోపల ఎంతైందో బయటివాళ్ళకు కనిపించడం లేదని ముత్తయ్య చెప్పాడు.

ఇట్లు,
లక్ష్మీదేవమ్మ

తా.క.: ఉప్పు 'ఉ' కింద లేదు. సరోజ దాన్ని 'లవణం' అనుకుని వెతకాలని 'ల' కింద పెట్టాను. పిల్లలకు పర్యాయపదాలు అలాగే నేర్పేదాన్ని. సరోజ నిన్న రెండు రోజులు సెలవు అడిగింది.


తెలకపల్లి,
27 ఫిబ్రవరి 2006

సగం గడియారం యజమాని లక్ష్మీదేవమ్మ టీచరమ్మకు మిగిలిన సగం యజమాని బాలన్న దండాలు. గడియారం గుయ్యిమంటున్నది.

ముందు జర పరేషానైంది. దీనికి మొదాలు వేసే సెల్లు పాదరసందట, అది ఇప్పుడు రాదు. ముత్తయ్య కొత్త సెల్లు ఏసిండు. దాని జోరెక్కువ. ముల్లు ఉరుకవట్టె. నేను వనపర్తిల పొద్దుగాల పదింటికి బస్సెక్కి, నాగర్‌కర్నూల్ల దిగి చూస్తే గడియారంల సాయంత్రం నాలుగైంది. బస్సు అంత లేటు అయిందని కండక్టరుతోని కొట్లాడిన కూడ. మళ్ళ ఎనకకు పోతే ముత్తయ్య పాత లెక్కల మిషన్ల నుంచి వాడి వాడి నీరసమైన సెల్లొకటి తీసి పెట్టిండు. "బలమున్నది దీనికి పడదు బాలన్నా, ముసలిది, ముసలిదాన్నే పెట్టాలె" అన్నడు. ఇప్పుడు నిమిషం తేడా లేదు.

మొన్న శనివారం పెద్దమనుషుల ముంగట గడియారం పెట్టిన. సత్తెమ్మ వదిన మిగిలిన రెండున్నర గంటలు వాడుకొని, పన్నెండుకు వాల్వు తిప్పింది. ఇరవై అయిదు రోజులకు నా పల్లికి సొంత నీళ్ళు పారినయి. సుభద్రమ్మ గట్టు మీద కూసొని చూసుకుంట ఉండిపోయింది. ఇంట్ల వంట లేకపాయె. ఎవ్వరం అడగలే.

తర్వాత సత్తెమ్మ వదిన ఒక అనుమానం అడిగింది. "అయ్యా, గడియారం గద్వాల పోతే ఇక్కడ వంతులెట్ల లెక్కపెడుదురు?" పెద్దమనుషులు శానాసేపు ఆలోచించి తీర్పు చెప్పిండ్రు: "కాగితంల గడియారం లెక్క అని రాసి ఉన్నది. గడియారం లేకపోతే లెక్క లేదు. గడియారం ఊరు దాటినప్పుడు ఎవరి వంతు నడుస్తుంటే, అది తిరిగొచ్చేదాక వాళ్ళదే నడుస్తది. ఇంకో మాట, వంతుల మోటరు బంద్ చేసుకున్నోళ్ళకు ఆడికే వంతు అయిపోయినట్టు." నాకూ అది న్యాయమే అనిపిచ్చింది. ఎవరి వంతుల పోతదో ఎవరికి తెలుసు, అంతా అదృష్టం అనుకున్న.

వచ్చే శనివారం భవాని చేత పంపుత. మంచిగ కునుకు తియ్యుండ్రి.

ఇట్లు,
బాలన్న

మరిచిన ముచ్చట: మీ కాగితం చదివి పెద్దమనుషులు ఇంకో తీర్పు కూడ చెప్పిండ్రు. గడియారంల సగం మీదైతే, నా వంతు నీళ్ళల్ల సగం మీదేనట. అంటే గంటన్నర. రోజు తప్పించి రోజు. బిందె తీస్కొని రండి.


గద్వాల,
10 మార్చి 2006

బాలన్న గారికి, ఎన్నో రోజుల తర్వాత కంటినిండా నిద్రపోయిన లక్ష్మీదేవమ్మ నమస్కారాలు.

శనివారం గడియారం అందింది. మూడు రోజులు కునుకు తీశాను. నాలుగో రోజు మన ఒప్పందం ప్రకారం తిరిగి పంపాను. ఆశ్చర్యమేమంటే, ఆ మర్నాడే భవాని మళ్ళీ మా గుమ్మంలో నిలబడింది. చేతికి గడియారం, చంకలో రెండు శేర్ల కొత్త చింతపండు. "సత్తెమ్మ పెద్దమ్మ పంపింది. టీచరమ్మ జర పండుకోవాలె, పాపం పెద్ద పానం అన్నది" అంది.

నేను కునుకు తీసి, ఆ సాయంత్రమే తిరిగి పంపాను. శుక్రవారం, అంటే ఈ రోజు, మళ్ళీ వచ్చింది. ఈసారి చింతపండుతో పాటు రెండు జొన్నరొట్టెలు కూడా.

బాలన్న గారూ, మీరు మీ వదినగారి గురించి రాసినదంతా చదివి నేనొక బొమ్మ గీసుకున్నాను. ఆ బొమ్మ తప్పు. ఎన్నడూ చూడని ఒక ఆడమనిషి నిద్ర కోసం తమ ఊరి గడియారాన్ని వదులుకునే మనిషి, బోరునీళ్ళ దగ్గర అన్యాయం చేస్తుందంటే నమ్మలేను. ఆమెకు విడిగా ధన్యవాదాలు రాసి, ఒక గద్వాల రవికెగుడ్డ పంపాను. మీరు కూడా ఆమె నుంచి కొంచెం నేర్చుకోవాలని నా కోరిక.

ఇట్లు,
లక్ష్మీదేవమ్మ

తా.క.: నా గంటన్నర నీళ్ళ సంగతి. మా డాబా మీద రెండు మల్లె కుండీలు ఉన్నాయి. గంటన్నర అంటే ఎన్ని చెంబులో లెక్క చెప్పగలరా? మిగిలినవి మీకే ఇస్తాను.


తెలకపల్లి,
14 మార్చి 2006

నిద్రల ఉన్న లక్ష్మీదేవమ్మ టీచరమ్మకు నిద్రలేని బాలన్న దండాలు. జర లేవండి.

సత్తెమ్మ వదిన మీకు గడియారం పంపేది మీ కునుకు కోసం కాదు. పెద్దమనుషుల తీర్పు యాదికి తెచ్చుకోండ్రి. గడియారం ఊరు దాటినప్పుడు ఎవరి వంతు నడుస్తుంటే అది నడుస్తనే ఉంటది. వంతు ఎవరిదైతే గడియారం వాళ్ళ చేతిల ఉండాలన్నరు గనుక, తొమ్మిదింటికి ఆమె వంతు మొదలు గాంగనే గడియారం తీసుకుంటది. తొమ్మిదీ అయిదుకు నాగర్‌కర్నూల్ పోయే ఆటో మా వీధిల ఆగుతది. ఆటోల గడియారం ఎక్కుతది, బస్టాండుల భవాని చేతికెక్కుతది. అంతే. ఇక్కడ తొమ్మిదీ అయిదే ఉంటది, అది మళ్ళ వచ్చేదాక.

మీరు బుధవారం సాయంత్రం పంపితే, గురువారం నా వంతు ఒక్కటి దొరికింది. నేను కూడ అదే పని చేద్దామని తొమ్మిదీ అయిదుకు గడియారం పట్టుకొని ఉరికిన. ఆటోల సత్తెమ్మ వదిన ముందే కూసొని ఉన్నది. "ఎటు బాలన్నా?" అన్నది. "నాగర్‌కర్నూల్" అన్న. "నేను పోతలేను, ఊకె కూసున్న. చికాకెందుకని, ఆటో మాట్లాడుకున్న ఇయ్యాల మొత్తం" అన్నది. డ్రైవరు నా దిక్కు చూసి నవ్విండు. నడిచి పోయేసరికి బస్సు పోయింది, వంతు అయిపోయింది.

శుక్రవారం ఆమె వంతు. తొమ్మిదీ అయిదుకు గడియారం మీ దిక్కు వచ్చింది. అప్పటి నుంచి నీళ్ళు ఆమెవే. ఇయ్యాల్టికి అయిదు రోజులు. నా పల్లి కాయ ఊరే టైం ఇది. ఇప్పుడు తడి లేకపోతే లొట్టలే మిగులుతయి, గింజ ఉండదు. పోయిన ఏడు వానాకాలం పంట పోయింది. ఈ ఎకరమే మాకున్నది టీచరమ్మా. ఇది నవ్వులాట కాదు.

ఈ ఉత్తరం అందంగనే గడియారం భవాని చేతికియ్యుండ్రి. చింతపండు వాపసు అడగను.

ఇట్లు,
బాలన్న

మరిచిన ముచ్చట: మీరు సత్తెమ్మ వదినకు రాసిన ఉత్తరం ఆమె పెద్దమనుషులతోని చదివిపిచ్చింది. "ఉదార హృదయురాలు" అన్న కాడ రెండుసార్లు చదివిపిచ్చింది. రవికె కుట్టిచ్చుకొని వాల్వుకాడికి అదే తొడుక్కొని వస్తున్నది. కుట్టు మాత్రం మంచిగ కుదిరింది.


గద్వాల,
18 మార్చి 2006

బాలన్న గారికి, సత్తెమ్మ గారికి, ఇద్దరికీ కలిపి లక్ష్మీదేవమ్మ రాయునది.

మీ ఇద్దరి ఉత్తరాలూ ఒకే రోజు అందాయి. సత్తెమ్మ గారు ఎవరితోనో రాయించిన ఉత్తరంలో, బాలన్న గారు గడియారం పట్టుకుని ఆటో వెంట పరుగెత్తారని ఉంది. బాలన్న గారి ఉత్తరంలో, సత్తెమ్మ గారు ఆటో అడ్డం పెట్టారని ఉంది. రెండూ నిజమేనని నాకు అర్థమైంది. నా కునుకును మీరిద్దరూ వాల్వు తిప్పే కర్రలాగా వాడుకున్నారు. ఒకరు చేయగలిగారు, ఇంకొకరు చేయబోయారు. అంతే తేడా.

మా బడిలో ఇద్దరు పిల్లలు ఒక బంతి కోసం కొట్టుకుంటే నేను తీర్పు చెప్పేదాన్ని కాదు. బంతి తీసి నా టేబుల్ సొరుగులో వేసేదాన్ని. ఆ సొరుగు ఇప్పుడు మా ఇంట్లో ఉంది.

గడియారాన్ని జప్తు చేశాను. మీరిద్దరూ ఒకే బస్సులో, పక్కపక్క సీట్లలో, గద్వాల వచ్చి నా ఎదుట నిలబడి, ఇకమీదట ఇలా చేయబోమని చెప్పేవరకు అది తెలకపల్లి రాదు. ఒక్కరే వస్తే తలుపు తీయను. భవానిని పంపినా ఇవ్వను.

ఇట్లు,
లక్ష్మీదేవమ్మ

తా.క.: జప్తులో ఉన్నది కనుక దిండు కింద పెట్టుకోవడం లేదు. సొరుగు పక్కనే మంచం వేయించుకున్నాను.


తెలకపల్లి,
31 మార్చి 2006

మా గడియారాన్ని జప్తు చేసి మమ్మల్ని నిలబెట్టిన లక్ష్మీదేవమ్మ టీచరమ్మకు బాలన్న రెండు చేతులెత్తి దండం. సత్తెమ్మ వదిన ఈ ఉత్తరంల లేదు. ఇది మీకు, నాకు మాత్రమే.

మీ ఉత్తరం వచ్చిన్నాడు ఇంట్ల ఎవ్వరం అన్నం తినలే. సత్తెమ్మ వదిన కాడికి పోయి "వదినా, పోదాం పా, టీచరమ్మకు ఒక మాట చెప్పి వద్దాం" అన్న. "నాకేం అక్కర బాలన్నా, నా వంతు నడుస్తున్నది" అన్నది. ఆమె చెప్పింది నిజమే. నీళ్ళు ఆమెకే పోతున్నయి, గద్వాల ఎందుకొస్తది?

సుభద్రమ్మ రెండు రొట్టెలు గుడ్డల కట్టి, "నువ్వొక్కనివే పో, కాళ్ళ మీద పడు, తలుపు తియ్యకపోతే కిటికీకాడ పడు" అన్నది. పోయేముందు చేనును ఒక్కసారి చూసి పోదామని పోయిన. ఎండిన చేనును చూసి పోతే ఏడుపు మంచిగొస్తదని.

గట్టు దిగి కాలు పెట్టిన. చెప్పు బురదల దిగబడ్డది.

టీచరమ్మా, సత్తెమ్మ వదిన వరిమడి మీదుంటది, నా చేను కిందుంటది. పదిహేనేండ్లు మూడేసి గంటల నీళ్ళే పారినయి గనుక ఆమె మడి దాటి ఎన్నడూ రాలే. ఇప్పుడు కరెంటున్నంత సేపు, రోజుకు ఏడేసి గంటలు, రోజు విడువకుండ పారుతున్నయి. పోయిన నెల పారినయి ఎండిన మడి తాగింది, ఇప్పుడు మడి నిండింది. గట్టు పొర్లింది. పొర్లిన నీళ్ళు కిందికి కాక మీదికి పోతయా? నా ఎకరం మొత్తం, ఈ మూల నుంచి ఆ మూల దాక, నేను పెడితే కూడ అంత సమంగ పారవు. ఒక మొక్క పీకి చూసిన. గింజ నిండి ఉన్నది. పల్లి ఒలిచి నోట్లేసుకొని, రొట్టెలు కూడ ఆడనే తిని ఇంటికొచ్చిన. సుభద్రమ్మ "కాళ్ళ మీద పడ్డవా?" అన్నది. "నీళ్ళల్ల పడ్డ" అన్న.

ఇది పది రోజుల కిందటి మాట. నేనెవ్వరికీ చెప్పలే. మొన్న సత్తెమ్మ వదిననే మా ఇంటికొచ్చింది. కూసోమంటే కూసోలే.

"బాలన్నా, గడియారం ఎప్పుడొస్తది?"

"టీచరమ్మ జప్తు చేసింది గద వదినా."

"నా వరి కోతకొచ్చింది. మడి ఆరుతలేదు. కొడవలి పట్టుకొని దిగితే మోకాలు దాక దిగబడుతున్నది. ఇద్దరం పోయి తెచ్చుకుందాం పా."

"నాకేం అక్కర వదినా, నీ వంతు నడుస్తున్నది."

"మోటరన్న బంద్ చెయ్యరాదు నువ్వు" అన్నది.

"నీ వంతుల నేనెట్ల ముడుత? కాగితమున్నది. నువ్వే బంద్ చేసుకో."

"నేను బంద్ చేస్తే నా వంతు అయిపోయినట్టే గదా."

"అవును మరి, పెద్దమనుషుల తీర్పు."

"అయితే నేను చెయ్యను" అని లేచి పోయింది. అసలు కూసోనేలేదు, లేచి ఎట్ల పోయిందో తెల్వదు గానీ అట్లనే అనిపిచ్చింది. వాకిట్ల ఆగి, "ఈ ఊర్ల ఇరవై రోజులు పొడుగు వంతు ఎవరికన్న వచ్చిందా?" అన్నది. "ఎవ్వరికి రాలే వదినా, నీకొక్కదానికే" అన్న. ఆ మాటకు జర సంతోషపడ్డది. పాపం వరి పోతదేమో అని నాకూ ఉన్నది. అందుకని నా మడిపార తీస్కపోయి ఆమె గట్టు అడుగున్నే పెద్ద గండి కొట్టిన. మడి ఆరుతది, కోత ఆగదు, నీళ్ళు నాకు ఇంక జల్ది వస్తయి. పెద్దమనుషులు చూసి, "బాలన్నా, దాయాది మడికి నువ్వు పనిచేస్తున్నవా, మంచి మనసు" అన్నరు.

అందుకని నా మనవి ఏందంటే, గడియారం పంపకుండ్రి. పల్లి పీకనీకి ఇంక పదిహేను రోజులున్నది. అప్పటిదాక జప్తు ఇడువకుండ్రి. మేమిద్దరం కలిసి మీ తలుపు కొట్టినా తియ్యకుండ్రి. నేను బతిమిలాడినా తియ్యకుండ్రి, అప్పుడు సత్తెమ్మ వదిన పక్కనుంటది, నేను బతిమిలాడక తప్పదు. మంచం సొరుగు పక్కన ఎందుకు, దిండు కిందనే పెట్టుకోండ్రి. జప్తు చేసిన గడియారమైనా గుయ్యిమనకుండ ఉంటదా.

ఇట్లు,
మీ బాలన్న

మరిచిన ముచ్చట: ఉత్తరం మీద తారీఖు రాసిన గానీ టైం రాయలే. మా ఊరి టైం మీ సొరుగుల ఉన్నది. తీసి, ఎంతైందో చూసి, మీరే రాసుకోండ్రి.